బండే ఇల్లయితే ఆరోగ్యం మాటేమిటి?

ఉద్యోగ విరమణ అయింది. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. కాలూ చెయ్యీ ఆడుతున్నప్పుడే ఇద్దరం కలిసి నాలుగు ఊళ్లు చూసి వద్దాం అని ఏ దంపతులకు అనిపించదు? ఒకప్పుడు ఆ కోరిక రైలు టిక్కెట్టుతోనో, యాత్రా బస్సులో సీటుతోనో తీరేది. ఇప్పుడు వ్యానులోనే మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న మరుగుదొడ్డి అమర్చుకుని నెలల తరబడి తిరిగేవారు మన దేశంలోనూ కనిపిస్తున్నారు. అలాంటి బండిని మోటార్ హోమ్ అనీ, కారవాన్ అనీ అంటున్నారు. మనం ఇంటిబండి అందాం.

ముచ్చట మంచిదే. కాని ఒక్క సంగతి ఆలోచించండి. మనం ఇంట్లో ఉన్నంతకాలం మన ఆరోగ్యాన్ని సగం ఆ ఇల్లే కాపాడుతూ ఉంటుంది. కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. మురుగు దానంతట అదే పోతుంది. పొయ్యికీ పడకకూ మధ్య గోడ ఉంటుంది. వీధి చివర మందుల షాపు, పక్క బజారులో మన జబ్బులన్నీ ఎరిగిన డాక్టరుగారు ఉంటారు. ఇంటిబండి ఎక్కిన రోజు నుంచి ఈ పనులన్నీ మీ ఇద్దరి నెత్తినా పడతాయి. ఏ పని ఎవరిదో తేల్చుకోకపోతే, ఇద్దరూ వదిలేసిన ఆ ఒక్క పనే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ వ్యాసంలో చెప్పదలచినది అదే.

దూరదేశాలెందుకు? అంగళ్లు నుంచే బయలుదేరుదాం. మదనపల్లె నుంచి కదిరి వెళ్లే రోడ్డు మీద ఉంది ఆ ఊరు. పేరులోనే దుకాణాలున్నాయి. టమాటా బుట్టలు, లారీలు, హమాలీల కేకలతో సందడిగా ఉండే చోటు. అక్కడి నుంచి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట మీదుగా కుప్పం దాకా ఒకే జాతీయ రహదారి, 42వ నంబరుది. కుప్పం దాటితే తమిళనాడు. ఒకరోజు మీరిద్దరూ ఇంటిబండిలో ఈ దారిన పోతున్నారనుకోండి. ఉదయం నుంచి రాత్రి దాకా మీ వెంట నన్నూ ఎక్కించుకోండి.

దారిలో కాపురం తెలుగువారికి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర తిరగేస్తే, మజిలీ మజిలీకి నీటి వసతి ఎలా ఉంది, అంగళ్లు ఉన్నాయా, సామాను దొరుకుతుందా అన్న వివరాలు కనిపిస్తాయి. గుళ్లూ గోపురాల సంగతి ఎంత శ్రద్ధగా రాశారో, నీళ్ల సంగతీ అంత శ్రద్ధగా రాశారు. మనం కూడా అక్కడి నుంచే మొదలుపెడదాం.

తెల్లవారగానే నీళ్లు

బండిలో నీళ్లు రెండు రకాలుగా ఉండాలి. ట్యాంకులో ఉన్నవి స్నానానికి, గిన్నెలు కడగడానికి. తాగడానికీ వంటకూ వేరే డబ్బా. ట్యాంకు శుభ్రంగానే ఉందికదా అని ఆ నీళ్లు తాగవద్దు. ఎండకు వేడెక్కి, రోజుల తరబడి నిలవ ఉన్న నీళ్లలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. నాలుగైదు రోజులకొకసారి ట్యాంకు పూర్తిగా ఖాళీచేసి మళ్లీ నింపండి. అప్పుడప్పుడు క్లోరిన్ మందుతో కడగండి. మోతాదు ఆ మందు డబ్బా మీద రాసి ఉంటుంది.

ముఖ్యమైన సంగతి మరొకటి. మంచినీళ్లు పట్టే గొట్టం వేరు, మరుగుదొడ్డి డబ్బా కడిగే గొట్టం వేరు ఉండాలి. రంగులు కూడా వేరుగా ఉంటే ఇంకా మంచిది. చీకట్లో, తొందరలో, ఒకదానికి బదులు ఇంకొకటి తగిలిస్తే రెండు రోజుల్లో ఇద్దరూ మంచం పడతారు.

తాగే నీళ్లు తెరలు తెరలుగా మరిగాక ఒక నిమిషం ఉంచి దించితే చాలు, క్రిములు చస్తాయి. అయితే కాచినంత మాత్రాన అన్ని దోషాలూ పోవు. మన రాయలసీమలో కొన్నిచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. కాస్తే పోయేది కాదది. ఒకటి రెండు రోజులు తాగితే ముంచుకొచ్చే ప్రమాదం లేదు గాని, ఒకే ఊళ్లో నెలల పాటు మకాం పెడితే మాత్రం శుద్ధిచేసిన నీళ్లే తెచ్చుకోండి.

దారిలో విరేచనాలు పట్టుకుంటే కంగారుపడవద్దు. ఓ.ఆర్.ఎస్. పొట్లం లేకపోతే, లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా మీద గుట్టగా కాక, తలకొట్టి కొలవాలి. కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. రక్తపు పోటుకో, చక్కెర వ్యాధికో మాత్రలు వేసుకునేవారు విరేచనాల సమయంలో వాటిలో ఏవి ఆపాలో, ఏవి ఆపకూడదో మీ డాక్టరును ఫోనులో అడిగి తెలుసుకోండి. రక్తం పడినా, మూత్రం బాగా తగ్గినా, మనిషి మగతగా ఉన్నా ఆస్పత్రికి వెళ్లవలసిందే.

ఆపుకోవద్దు

చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఇది. ప్రయాణమంటే ఆడవాళ్లు చాలామంది పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. దారిలో దిగాలంటే ఎక్కడ దిగాలి అన్న భయం. నీళ్లు తగ్గించి, మూత్రం గంటల తరబడి బిగబట్టడం వల్ల మూత్రనాళంలో క్రిములు చేరి మంట, చలిజ్వరం, నడుము నొప్పి మొదలవుతాయి. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది మరీ సులభంగా వస్తుంది. మగవారిలో కూడా వయసు మళ్లి, ప్రోస్టేటు గ్రంథి పెరిగినవారు ఎక్కువసేపు బిగబడితే, తీరా దిగాక మూత్రం బందైపోయే ప్రమాదముంది.

ఇంటిబండి వల్ల కలిగే పెద్ద సుఖం మరుగుదొడ్డి వెంట ఉండటమే. కాని అక్కడా ఒక చిక్కుంది. డబ్బా నిండుతుందని, కడగాలని, దాన్ని వాడకుండా పొదుపు చేస్తారు! పొదుపు చెయ్యవలసినది అది కాదు. రెండు మూడు గంటలకొకసారి వెళ్లండి. డబ్బాను సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలోనే ఖాళీ చెయ్యండి. చెరువు గట్టునో, పంట కాలువలోనో పారబోస్తే ఆ ఊరివాళ్లకు మీరు రోగం పంచినట్లే. ఆ తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం మరిచిపోకండి. ఈ పని ఎప్పుడూ ఒక్కరి మీదే వెయ్యవద్దు. వంతులు వేసుకోండి.

స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు

అంగళ్లు దాటారు, మదనపల్లె దాటారు. రోడ్డు బాగుంది, గాలి చల్లగా ఉంది. కుప్పం దాకా ఎక్కడా ఆగకుండా పోదామనిపిస్తుంది. ఆగండి. కాళ్లు వేలాడేసుకుని కదలకుండా కూర్చుంటే పిక్కల్లోని సిరల్లో రక్తం మందగిస్తుంది. నాలుగు గంటలకు మించి ఒకే తీరున కూర్చుని ప్రయాణం చేస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధనలో తేలింది. ఆరోగ్యవంతులకు ఆ ముప్పు మొత్తం మీద తక్కువే. ఈమధ్య ఆపరేషన్ అయినవారికి, లోగడ గడ్డకట్టినవారికి, బాగా లావుగా ఉన్నవారికి, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారికి, హార్మోను మాత్రలు వాడేవారికి ఎక్కువ. ఇలాంటివారు ముందుగా డాక్టరును అడగాలి.

మిగతావారికి మందు సులభం. రెండు గంటలకొకసారి దిగి పది నిమిషాలు నడవండి. పక్క సీటులో ఉన్నవారు మడమలు ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమలు పైకి లేపుతూ ఉండండి. రెండు కాళ్లూ సాయంత్రానికి కాస్త ఉబ్బడం మామూలే. ఒకే పిక్క వాచి, ఎర్రబడి, నొప్పి పుడితే మామూలు కాదు. దానికి తోడు హఠాత్తుగా ఆయాసం వచ్చిందంటే, గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని అనుమానించి వెంటనే ఆస్పత్రికి పోవాలి.

నిద్ర సంగతి. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా, మళ్లీ మధ్యాహ్నం భోజనం తరువాత, మనిషి శరీరం తనంత తానే నిద్రలోకి జారుతుంది. ఆ వేళల్లో బండి నడపవద్దు. పాటలు పెట్టినా, కిటికీ తెరిచినా నిద్ర ఆగదు. బండి పక్కకు తీసి ఇరవై నిమిషాలు కునుకు తీయడమే దారి. జలుబుకు వేసుకునే మాత్రలు, దగ్గు మందులు చాలావరకు మత్తు కలిగిస్తాయి. అవి వేసుకున్న రోజు స్టీరింగు జోలికి పోవద్దు.

బండి కదులుతున్నంతసేపూ ఇద్దరూ బెల్టు పెట్టుకుని సీట్లలోనే ఉండాలి. "వెనక మంచం ఉందికదా, కాస్త నడుం వాలుస్తాను," అని ఆమె అంటే ఆయన బండి ఆపాలి. "మీరు నడుపుతూ ఉండండి, ఈలోగా కాఫీ కలిపి ఇస్తాను," అన్నా ఆపాలి. ఒక్క సడన్ బ్రేకుకు మరుగుతున్న పాలు మనిషి మీద పడతాయి.

పుంగనూరులో మధ్యాహ్నం భోజనం

పుంగనూరు అనగానే పొట్టి ఆవులు గుర్తుకొస్తాయి. ఈ జాతి ఆవు పాలు చిక్కగా ఉంటాయని పేరు. ఏ ఆవు పాలైనా సరే, పచ్చివి తాగవద్దు. పొంగు వచ్చేదాకా కాచి తాగండి. పచ్చిపాల ద్వారా వచ్చే జ్వరాలు కొన్ని నెలల తరబడి వదలవు.

బండిలో వంటకు మన సీమ వంటలే బాగా కుదురుతాయి. రాగి సంగటి, చెనక్కాయల చట్నీ, పప్పు, ఆకుకూర, అంగళ్లులో కొన్న టమాటాలతో పచ్చడి. తక్కువ గిన్నెలు, తక్కువ గ్యాసు, కడుపు నిండుగా ఉంటుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు సంగటి అయినా ముద్దల లెక్క చూసుకోవాలి. రాగులు కదా అని రెండు ముద్దలకు బదులు నాలుగు తింటే చక్కెర పెరగక మానదు.

పొద్దున వండిన అన్నాన్ని మూతపెట్టి, ఎండకు కాగిన బండిలో సాయంత్రం దాకా ఉంచవద్దు. అన్నంలో ఉండే ఒక రకం క్రిమి ఆ గోరువెచ్చదనంలో పెరిగి విషాన్ని విడుస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వాంతులూ విరేచనాలూ ఖాయం. ఇంట్లో చల్లని కుండలో మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నంతో దీన్ని పోల్చవద్దు. వండిన రెండు గంటల్లోగా తినండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే ఏ పూటకు ఆ పూటే కొలిచి వండుకోండి.

ప్రయాణంలో కూర వండే ఓపిక లేనప్పుడు ఊరగాయే దిక్కవుతుంది. పెద్దవారు రోజు మొత్తానికి తినదగిన ఉప్పు అయిదు గ్రాముల లోపు, అంటే సుమారు ఒక చిన్న చెంచాడు. మూడు పూటలా ఆవకాయతో గడిపితే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. రక్తపు పోటు ఉన్నవారికి కాళ్లవాపు, తలనొప్పి మొదలైతే ముందు జాడీ వంక చూడండి.

ఎండలో నిలిపిన బండి

భోజనం అయింది. ఆయన పని మీద బజారుకు వెళ్లారు. ఆమె బండిలోనే పడుకుంది. బండిని నీడలో నిలిపారా? రెండు వైపులా కిటికీలు తెరిచారా? ఎండలో మూసి ఉన్న బండి లోపల వేడి నిమిషాల్లో పెరుగుతుంది. వయసు మళ్లినవారికి దాహం తెలియదు, చెమట తక్కువ. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకగా ఉంటే అది వడదెబ్బ. నీడలోకి తెచ్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండా నీళ్లు చల్లుతూ విసరండి. చంకల్లో, మెడ పక్కన చల్లని తడిగుడ్డ పెట్టండి. 108కి ఫోను చెయ్యండి. స్పృహ లేని మనిషికి నోట్లో నీళ్లు పోయవద్దు.

మనుషులకే కాదు, మందులకూ వడదెబ్బ తగులుతుంది. స్టీరింగు ముందున్న అరలో పెట్టిన మాత్రలు పాడవుతాయి. ఇన్సులిన్ వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. ఐసు మీద పెట్టి గడ్డకట్టిస్తే ఇక అది పనికిరాదు. వాడుతున్న సీసాను, దాని పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రత దాటకుండా, సుమారు నాలుగు వారాలు బయట ఉంచవచ్చు. ఫ్రిజ్ లేనిచోట మన పాత కుండే దిక్కు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, నీరు చొరని సంచిలో సీసా ఉంచి మూత వెయ్యండి. ఇసుక ఆరనివ్వకండి.

ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడుతూ బండి నడిపేవారు బయలుదేరే ముందు చక్కెర చూసుకోవాలి. చెమటలు, వణుకు, కళ్లు మసకబారడం, ఊరికే చిరాకు, ఇవి చక్కెర పడిపోయిందన్న గుర్తులు. పక్కనున్నవారికి ఆ చిరాకు పోట్లాటలా కనిపిస్తుంది! వాదించవద్దు. బండి ఆపించి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. పూర్తిగా తేరుకున్నాకనే ప్రయాణం.

కుప్పంలో రాత్రి

మూడు రాష్ట్రాల సరిహద్దుల్లో ఉన్న ఊరు కుప్పం. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. రాత్రికి అక్కడే మకాం అనుకున్నారు. డిసెంబరు నెల, చలిగా ఉంది. తలుపులూ కిటికీలూ గట్టిగా బిగించారు. దోమలు రాకుండా సందులన్నీ మూశారు. ఇప్పుడు నేను చెప్పేది దయచేసి ఇద్దరూ కూర్చుని చదవండి.

2024 డిసెంబరులో కేరళలోని కోళికోడ్ జిల్లా వడకర దగ్గర, రోడ్డు పక్కన నిలిపిన ఒక కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. నిపుణులు పరీక్షించి, జనరేటరు నుంచి వెలువడిన విషవాయువు బండి అడుగున ఉన్న రంధ్రం గుండా లోపలికి చేరిందని తేల్చారు. ఆ వాయువు పేరు కార్బన్ మోనాక్సైడు.

దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పెట్రోలు, డీజిలు, గ్యాసు, బొగ్గులు, కట్టెలు, ఏది సరిగా మండకపోయినా పుడుతుంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం ఈ విషవాయువును, ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో మనిషి గాలి పీలుస్తూనే ప్రాణవాయువు అందక చనిపోతాడు. నిద్రలో ఉంటే తెలియనే తెలియదు.

మెలకువగా ఉన్నప్పుడు అది ఇచ్చే హెచ్చరిక ఒకటుంది. "ఏమండీ, తల దిమ్ముగా ఉంది. వాంతి వచ్చేలా ఉంది," అని ఆమె అంటుంది. "నాకూ అలాగే ఉంది. మధ్యాహ్నం తిన్నది పడలేదేమో. పడుకుంటే పోతుందిలే," అని ఆయన అంటారు. ఆ పడుకోవడమే ఆఖరు కావచ్చు. ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వచ్చాయంటే అజీర్తి అనుకోవద్దు. ముందు తలుపు తెరిచి ఇద్దరూ బయటికి దిగండి. తరువాత ఇంజనూ, జనరేటరూ, పొయ్యీ ఆపండి. బయటి గాలికి నెమ్మదించినా సరే ఆస్పత్రికి వెళ్లి, ఇలా జరిగిందని చెప్పండి.

కాబట్టి ఈ నియమాలు రాసి తలుపు మీద అతికించండి. ఇంజను గాని, జనరేటరు గాని నడుస్తూ ఉండగా మూసిన బండిలో నిద్రపోకూడదు. ఎయిర్ కండిషనర్ కోసమైనా సరే. చలికి కుంపటి లోపల పెట్టుకోకూడదు. గ్యాసు పొయ్యిని చలిమంటగా వాడకూడదు. వంట చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి. ఎంత చలిగా ఉన్నా రాత్రి రెండు ఎదురెదురు కిటికీలు నాలుగు వేళ్ల మేర తెరిచి, దోమల జాలీ వేసుకోవాలి. అయితే కిటికీ తెరిచాం కదా అని జనరేటరు వేసుకుని పడుకోవద్దు. ఆ తెరిచిన సందు గుండానే పొగ లోపలికి రావచ్చు. బండి అడుగున, గొట్టాల చుట్టూ కన్నాలేమీ లేకుండా మెకానిక్ చేత చూపించాలి. కార్బన్ మోనాక్సైడును పసిగట్టి కూతపెట్టే చిన్న యంత్రం దొరుకుతుంది. పడక దగ్గర అది ఉండి తీరాలి. అది కూయడం మొదలుపెడితే బ్యాటరీ చెడిందేమో అని పీకేయకండి. ముందు బయటికి రండి.

వంటగ్యాసుది మరో దారి. దానికి వాసన కలిపి ఉంటుంది గనుక తెలుస్తుంది. గాలికంటే బరువు కాబట్టి నేల మీద పేరుకుంటుంది. అందుకని బండి నేల దగ్గర గాలి కన్నాలు ఉండాలి. పడుకునే ముందూ, బండి కదిలే ముందూ రెగ్యులేటరు కట్టెయ్యండి. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా తలుపు తెరిచి దిగండి.

పొద్దున మనం దాటి వచ్చిన మదనపల్లెకు దగ్గరలోనే ఆరోగ్యవరం ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో, 1915 నుంచి అక్కడి శానిటోరియంలో రోగులకు విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ధారాళమైన గాలి ఇవే చికిత్స. క్షయకు తరువాత మంచి మందులు వచ్చాయి. మూసిన గదిలోని చెడు గాలికి మాత్రం ఇప్పటికీ తెరిచిన కిటికీయే మందు.

రాత్రి బండి దిగాలంటే టార్చి వేసి, చెప్పులు వేసుకుని దిగండి. ఉక్కగా ఉందని బండి పక్కన నేల మీద చాప వేసుకుని పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట, నేల మీద నిద్రిస్తున్నవారిని కాటేస్తుంది. నొప్పి కూడా అంతగా తెలియదు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కదలకుండా ఉంచి ఆస్పత్రికి చేర్చండి. కుక్క కరిస్తే సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రిలో టీకా మొదలుపెట్టించండి. ఊరు మారినా మిగతా సూదులు మానవద్దు.

ఇద్దరి మధ్య

ఇంట్లో మాటామాటా వస్తే ఒకరు వరండాలోకి, ఒకరు వంటింట్లోకి వెళతారు. ఇంటిబండిలో ఎక్కడికి వెళతారు? ఆరడుగుల వెడల్పులో ఇరవై నాలుగు గంటలూ ఎదురెదురుగా ఉండటం ముప్ఫై ఏళ్లు కాపురం చేసినవారికి కూడా కొత్తే. అందుకని రోజుకు ఒక గంట ఎవరి దారిన వారు నడిచి రండి. అది అలగడం కాదు, ఆరోగ్య సూత్రం.

మగవారు ఒక మాట ఆలోచించాలి. ఆయన కిటికీలోంచి కొండలు చూస్తూ ఉంటే, ఆమె అదే సంగటి, అదే చారు, అవే గిన్నెలు ఇంకా ఇరుకులో చేసుకుంటూ ఉంటే అది ఆయనకు విహారం, ఆమెకు చక్రాలున్న వంటిల్లు. కొన్నాళ్లకు ఆమెకు నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, దేనిమీదా మనసు పోదు. రెండు వారాలకు మించి అలా ఉంటే అది అలసట కాదు. దిగులు జబ్బు కావచ్చు, డాక్టరుకు చూపించాలి. వంట ఆయనా నేర్చుకోవాలి, బండి నడపడం ఆమే నేర్చుకోవాలి. ఇది సమానత్వం కోసం మాత్రమే కాదు. దారిలో ఆయన గుండె పట్టుకుని కూలబడితే బండిని పక్కకు తీయవలసింది ఆమే కదా!

ఇంకొకటి. "నా వల్ల ప్రయాణం చెడిపోతుందేమో," అని నొప్పి దాచుకోవడం మన దంపతులకు అలవాటు. ఛాతీ బరువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే, "గ్యాసులే," అని సర్దుకోవద్దు. ఆడవాళ్లలో ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంతోనే గుండెపోటు వస్తుంది. బయలుదేరే రోజే ఇద్దరూ ఒక మాట అనుకోండి: ఒంట్లో బాగాలేకపోతే దాచకూడదు. "ఇక ఇంటికి పోదాం," అని ఎవరు ఎప్పుడు అన్నా రెండోవారు ఎగతాళి చేయకూడదు.

బయలుదేరే ముందు

ఇద్దరూ డాక్టరు చేత పూర్తిగా పరీక్ష చేయించుకోండి. రక్తపు పోటు, చక్కెర, గుండె, కళ్లు, పళ్లు కూడా. ధనుర్వాతం టీకా సంగతి అడగండి.

మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, రక్తం గ్రూపు రాసిన కాగితం రెండు ప్రతులు చెయ్యండి. ఆయనది ఆమె పర్సులో, ఆమెది ఆయన జేబులో ఉండాలి. రోజూ వేసుకునే మందులు నెలకు సరిపడా కాక, పది రోజులకు అదనంగా పెట్టుకోండి.

ప్రతి రాత్రీ మీరున్న ఊరి పేరు, రోడ్డు నంబరు, దగ్గరి ఆస్పత్రి ఒక పుస్తకంలో రాసుకుని పిల్లలకు ఫోనులో చెప్పండి. ఆపదలో అంబులెన్సు వారు అడిగే మొదటి ప్రశ్న "మీరు ఎక్కడ ఉన్నారు?" అని. అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112, జాతీయ రహదారి మీద సహాయానికి 1033.

డెబ్భై ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తున్నారు. పథకంలో చేరిన ఆస్పత్రుల్లో, మీ రాష్ట్రం బయట కూడా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం దొరుకుతుంది. కార్డు ముందే తీసుకోండి.

ఇవన్నీ చదివి, ఇంత బాదరబందీ అయితే ఇంటిపట్టున ఉండటమే మేలనుకోకండి. రోజూ నడక, వేళకు నిద్ర, తాజా కూరలు, కొత్త మనుషులతో మాటలు, వీటికంటే పెద్ద టానిక్ ఏముంది? వెళ్లిరండి. ఈ రాత్రి పడుకునే ముందు మాత్రం ఒకరినొకరు అడగండి: "గ్యాసు కట్టావా?" "కిటికీ తెరిచారా?" ఇద్దరూ "ఆఁ" అన్నాకనే దీపం ఆర్పండి.